పదిహేనో పచ్చ

ముప్పై నాలుగేళ్ళుగా ఆకుపచ్చ సిరా కలిపి కలిపి సిరా బాబాయికి ఆ రంగంటేనే మొహం మొత్తింది. కూరగాయల కొట్టుకు వెళ్ళడం మానేసి పదేళ్ళు దాటింది. ఆకుకూరలు కంటబడితే చాలు, ఇది ఏడో నంబరు, అది పదకొండో నంబరు అని బుర్ర దానంతటదే లెక్క మొదలుపెడుతుంది. కాస్త నడుం వాల్చి కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా అదే. గోళ్ళ చివర్లలో దిగిన పచ్చ సబ్బుకు లొంగలేదు, సున్నానికి లొంగలేదు. తాను పోయాక తగలబెడితే పొగ కూడా పచ్చగానే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఏ నంబరు పచ్చో కూడా చెప్పి పెట్టాడు.

గొప్పలు చెప్పడంలో బాబాయిది అందె వేసిన చెయ్యి. ఒకసారి సీసాలు కడిగిన నీళ్ళు మురిక్కాలవలో పారబోస్తే, వీధి చివర కప్పలు మూడు రకాల పచ్చల్లోకి తిరిగి, మూడు గుంపులుగా విడిపోయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయట. సాక్ష్యం ఏదంటే కప్పల్నే అడగమంటాడు. చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. అదీ ఊరికే ఆగలేదు. మాస్టారి ఎర్రసిరా బుడ్డిలో పచ్చసిరా కలిపాడట. దిద్దిన తప్పులన్నీ మట్టిరంగులో తేలి, ఏది పిల్లల రాతో ఏది మాస్టారి రాతో తెలియక ఆ ఏడాది తరగతంతా పాసయిపోయిందట, ఒక్క ఆయన తప్ప.

ఆయన కొట్టుకు ఎదురుగానే తనిఖీల ఆఫీసు. ఊళ్ళో బాయిలర్లు, లిఫ్టులు, తూకం యంత్రాలు సవ్యంగా ఉన్నాయో లేదో, వాటిని నడిపేవాళ్ళకు పని వచ్చో రాదో చూసి సర్టిఫికెట్లు ఇచ్చే చోటు. అక్కడ పచ్చసిరాతో సంతకం చేసే హక్కు ఇన్‌స్పెక్టర్లకు మాత్రమే ఉంది. ఆ ఆఫీసుకు ఒక చాదస్తం కూడా ఉంది. ఒక ఇన్‌స్పెక్టరు పచ్చ ఇంకొకరి పచ్చలా ఉండకూడదు. సంతకాలన్నీ కోడి గీకినట్టే ఉంటాయి గనక, ఎవరు చేశారో రంగును బట్టి పట్టుకోవాలని ఏనాటి పెద్దమనిషో పెట్టిన ఏర్పాటు. కొత్త ఇన్‌స్పెక్టరు రాబోతున్నాడనగానే బాబాయి పలక మీద పచ్చలు కలిపి చూపిస్తాడు. ఒకాయనకు నాచులా ముదురుగా కావాలి, ఇంకొకాయనకు రాగిచెంబు మీది చిలుములా కావాలి, మరొకాయనకు “చూడగానే భయం పుట్టే పచ్చ” కావాలి. ఏది కుదిరితే దానికో నంబరు ఇచ్చి, వేలెడు కాగితం పట్టీ మీద గీసి పుస్తకంలో దాస్తాడు. అలా ఇరవై రెండు పట్టీలు, ఇరవై రెండు జాడీలు. ఎవరి సంతకమో సందేహం వస్తే ఆఫీసువాళ్ళు బాబాయిని పిలుస్తారు. ఆయన పట్టీ పక్కన పెట్టి చూసి నంబరు చెబుతాడు. ఆ మాటకు తిరుగు లేదు.

ఆ రోజు కూడా అలాగే పిలిచారు. ఆఫీసు మూడో అంతస్తులో. మెట్లు అరవై రెండు. ఊళ్ళో లిఫ్టులన్నిటికీ సర్టిఫికెట్లు ఇచ్చే ఆ భవనంలో లిఫ్టు మాత్రం ఏడాదిగా తలుపులు బిగించుకుని కూర్చుంది. బాబాయి పుస్తకం చంకలో పెట్టుకుని, ప్రతి మలుపులోనూ గోడకు చెయ్యి ఆనించి, మోకాళ్ళను తిట్టుకుంటూ ఎక్కాడు.

పెద్ద గుమాస్తా కుర్చీ లాగి వేశాడు. “కూర్చోండి బాబాయ్. నీళ్ళు తాగుతారా?”

“నీళ్ళ సంగతి తర్వాత. మీ లిఫ్టు ఎప్పుడు నడుస్తుందో చెప్పండి.”

“ఇన్‌స్పెక్టరు గారు చూసి సర్టిఫికెట్టు ఇవ్వాలి బాబాయ్.”

“ఇదే అంతస్తులో ఉన్నారుగా. ఓసారి కిందికి దిగి చూడకూడదూ?”

“ఆయనకు మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు లేందే దిగలేరు.”

ఇద్దరూ నవ్వారు గానీ బాబాయి నవ్వు సగంలోనే ఆయాసంగా మారిపోయింది. గుమాస్తా ఒక కాగితం ముందు పెట్టాడు. పేరు, తేదీ కనబడకుండా పైన తెల్ల కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. మొహమాటాలు రాకుండా అదీ ఒక పద్ధతే. కనిపించేది పచ్చ గీకుడు ఒక్కటే.

“దీనికి పుస్తకం తెరవాలా? పదిహేను,” అన్నాడు బాబాయి.

“తెరవండి. రూలు.”

కిటికీ దగ్గరికి వెళ్ళి పద్నాలుగో పట్టీ ఒక పక్క, పదిహేనో పట్టీ ఇంకో పక్క పెట్టాడు. రెండూ అక్కచెల్లెళ్ళ లాంటి రంగులు. పదిహేనో ఇన్‌స్పెక్టరు ముందే వచ్చి, “పాతాయన పచ్చలాగే ఉండాలి, కానీ వయసు కాస్త తక్కువగా కనబడాలి” అని అడిగి వెళ్ళాడు. దానికి బాబాయి పద్నాలుగులో పసుపు ఒక చుక్క ఎక్కువ వేశాడు. మామూలు కళ్ళకు తేడా అందదు.

“పదిహేనే. ఇంకొకరి కళ్ళు ఇంకో నంబరు చెబితే ఆ కళ్ళు తీసి నాకివ్వండి, కడిగిస్తాను.”

గుమాస్తా నవ్వలేదు. కాగితం ముక్కలు నెమ్మదిగా ఊడదీశాడు. బాయిలరు నడిపే అర్హత సర్టిఫికెట్టు. పదకొండేళ్ళ కిందటిది. “పదిహేనో ఆయన ఉద్యోగంలో చేరింది ఒకటో తారీకున. దీని మీద తేదీ అంతకు తొమ్మిది రోజుల ముందుది. అంటే పద్నాలుగో ఆయన సంతకం అయ్యుండాలి. కాదంటున్నారు మీరు. ఆ ఏడాది కాగితాలున్న బీరువా మీద పైకప్పు కారి, రిజిస్టర్లన్నీ అట్టకట్టుకుపోయాయి. ఇంకో ఆధారం లేదు. తర్వాతెప్పుడో ఎవరో పదిహేనో ఆయన సిరా కాజేసి దొంగ సంతకం పెట్టి, వెనకటి తేదీ వేసుకున్నారన్నమాట.”

“ఎవరిదది?”

“ఆస్పత్రి బట్టలుతికే చోట బాయిలరు చూసుకునే ఆవిడ. అందరూ ఆవిరక్క అంటారే, ఆవిడ. అన్ని సర్టిఫికెట్లూ సరిచూడమని పైనుంచి ఉత్తర్వొచ్చింది. పాపం, పనిమంతురాలనే అనుకున్నాం.”

అప్పుడే చెప్పాల్సింది. బాబాయి పుస్తకం మూసి, నీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగాడు. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుండిపోయాడు.

సంతకం దొంగది కాదని ఈ భూమ్మీద తెలిసినవాడు ఆయనొక్కడే.

పదకొండేళ్ళ కిందట, పద్నాలుగో ఇన్‌స్పెక్టరు ఇంకో రెండు వారాల్లో రిటైరవుతాడనగా, బాబాయి కొట్టు పక్క వీధి నుంచి ఇప్పుడున్న చోటికి మారింది. మనుషుల్ని పెట్టుకోకుండా జాడీలన్నీ తనే తోపుడు బండి మీద పన్నెండు విడతలుగా తెచ్చుకున్నాడు. దుమ్ము పడిందని మూతలు కడిగాడు. ఆయన చీటీలు అంటించేది మూతల మీదే. మళ్ళీ బిగించేటప్పుడు పద్నాలుగు మూత పదిహేను జాడీ మీదికి వెళ్ళింది. జాడీలో ఉన్నంతసేపూ ఏ పచ్చయినా నలుపే; కాగితం మీద పడితేనే దాని మొహం బయటపడుతుంది. అందుకే ఏ సీసా నింపినా ముందు ఒక చుక్క కాగితం మీద వేసి చూడటం ఆయన నియమం. ఆ సాయంత్రం పద్నాలుగో ఇన్‌స్పెక్టరు మనిషి ఖాళీ సీసా తెచ్చి నిలబడ్డప్పుడు బాబాయికి నడుం విరిగిపోతోంది. చుక్క వెయ్యలేదు. నింపి ఇచ్చేశాడు.

తప్పు తెలిసింది రెండ్రోజుల తర్వాత. మూతలు మార్చి బిగించాడు. వెళ్ళి సీసా వెనక్కి అడగొచ్చు. కానీ అడిగితే, ఒక పచ్చ ఇంకో పచ్చలో కలవనివ్వని మనిషని ఊరంతా చెప్పుకున్న పేరు ఏమవుతుంది? ముసలాయన ఇంకెన్నాళ్ళుంటాడు, పన్నెండు రోజులు. ఎవడు చూస్తాడులే అనుకున్నాడు. అలా ఆ రెండు వారాలూ పాతాయన కొత్తాయన రంగులో సంతకాలు చేసి, హాయిగా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకు ఈ లోకం నుంచే వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిరక్క కొట్టుకే వచ్చింది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా వేడికి కమిలిన మచ్చలు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“బాబాయ్, నేను దొంగనా?”

“అదేం మాటమ్మా, కూర్చో.”

“కూర్చోడానికి రాలేదు. నీ నోటితో నువ్వే అన్నావట. ఆ రోజు ఆయన మా బాయిలరు ముందు నిలబడి పన్నెండు ప్రశ్నలడిగారు. పదకొండింటికి చెప్పాను. పన్నెండోదానికి జవాబు ఆయనకే తెలీదు. ఇద్దరం నవ్వుకున్నాం. కాగితం బొగ్గుల డబ్బా మీద పెట్టి నా కళ్ళ ముందు సంతకం చేశారు. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది, వచ్చి అడుగు!”

“డబ్బాని అడిగితే ఏం చెబుతుందమ్మా…”

“నీ కప్పలు చెప్పలేదూ?” అంది ఆవిరక్క. నవ్వించడానికి కాదు. “సోమవారం లోపల సంజాయిషీ ఇవ్వమన్నారు. లేదంటే తాళాలిచ్చేసి నడవమన్నారు. ఆ మీద కేసట. పదకొండేళ్ళు బాబాయ్. బాయిలరు మీది ముల్లు ఎప్పుడు ఎర్రగీత వైపు జరుగుతుందో నిద్దట్లో కూడా చెప్పగలను. ఇంకో పని రాదు నాకు. రేపు నన్ను ఏ బాయిలరు దగ్గరికి రానిస్తారు?”

ఆమె కళ్ళు తుడుచుకుంటూ పైకి చూసింది. బాబాయి తల వెనక గోడకు అద్దాల పటం ఉంది. దాన్లో పాత ఇన్‌స్పెక్టరు చివరి రోజున స్వయంగా రాసిచ్చిన నాలుగు వాక్యాలు: ఇన్నేళ్ళ నా సర్వీసులో ఈ మనిషి కలిపిన పచ్చ వెంట్రుకవాసి కూడా మారలేదు, ఇటువంటి నిజాయితీ గల పనివాడు అరుదు అని.

“ఆయన రాసిందేగా? నీ గురించి ఎంత చక్కగా రాశారు! నా గురించి నాలుగు ప్రశ్నలు తక్కువ అడిగి, ఇలాంటిదొకటి రాసిచ్చినా బాగుండేది.”

బాబాయి వెనక్కి తిరిగి చూడలేదు. పదకొండేళ్ళుగా ఆయన ఆ పటాన్ని చూడటం లేదు. దుమ్ము తుడిచేటప్పుడు కూడా పక్కకు చూస్తూ తుడుస్తాడు. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి గొప్పలు పోయాడు గానీ, తన కళ్ళు మాత్రం అటు తిప్పలేదు. వెంట్రుకవాసి కూడా మారలేదని రాసిన ఆ నాలుగు వాక్యాలూ ఉన్నది పదిహేనో పచ్చలోనే.

ఆవిరక్క వెళ్ళిపోయింది. కొట్టు వెనక సీసాలు కడుగుతున్న పెళ్ళాం తడి చేతులతోనే బయటికొచ్చింది.

“ఏవయ్యా, ఏం దాస్తున్నావు?”

“ఏం లేదే.”

“ఈ కొట్టుకు మారిన కొత్తలో రెండ్రోజులు ఒక్క గొప్ప కూడా చెప్పకుండా కూర్చున్నావు. జ్వరమేమోనని నుదురు కూడా పట్టి చూశాను. ఇప్పుడు నిన్నటి నుంచీ అదే జ్వరం.”

బాబాయి చెప్పేశాడు. మూతలు, జాడీలు, వెయ్యని చుక్క, అన్నీ. చెబుతున్నంతసేపూ గొంతులో ఒక్క అతిశయోక్తి లేదు. దాంతో ఆవిడకు ఇంకా భయమేసింది.

“మరింకేం? వెళ్ళి చెప్పు.”

“చెబితే ముప్పై నాలుగేళ్ళ మాట పోతుందే.”

“పోనీ. రోజూ వినేదాన్ని నేను. నాకు కాస్త విశ్రాంతి.” ఆవిడ ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. “చూడు, జాడీ తారుమారయింది నీ చేతిలో. దొంగ ముద్ర పడింది ఆవిడ మీద. ఆవిడ ఎర్రగీత చూసుకుంటూ బతికింది, నువ్వు పటం చూపించుకుంటూ బతికావు. ఎవరిది పోవాలో నాకంటే నీకే బాగా తెలుసు.”

“ఊరికే చెబితే నమ్మరే. జాలిపడి అబద్ధమాడుతున్నానంటారు. ఆ రెండు వారాల కాగితాలేమో తడిసి ముద్దయ్యాయి.”

“ఒకటి తడవలేదుగా,” అంటూ ఆవిడ గోడ వైపు గడ్డం ఎత్తింది.

బాబాయి చాలాసేపు పీట మీదికి ఎక్కలేదు. కాళ్ళు నొప్పులన్నాడు. చివరికి ఆవిడే ఎక్కి దించింది.

మళ్ళీ అరవై రెండు మెట్లు. ఈసారి పుస్తకంతో పాటు తువ్వాలులో చుట్టిన పటం. ఇరవయ్యో మెట్టు దగ్గర కూర్చున్నాడు, నలభయ్యో మెట్టు దగ్గర కూర్చున్నాడు. వెనక్కి పోదామా అనుకున్నాడు గానీ, దిగడానికీ అన్ని మెట్లే ఉన్నాయి.

పెద్ద గుమాస్తా అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “బాబాయ్, మీ మనసు మంచిది. ఆవిడ ఏడ్చి ఉంటుంది, మీకు జాలేసి ఉంటుంది. మొన్న చూపు పడగానే పదిహేను అన్నారు.”

“ఇప్పుడూ పదిహేనే అంటున్నాను. పోసింది నేనంటున్నాను.”

“అలా ఎలా పోస్తారు మీరు? ఇన్నేళ్ళలో ఒక్క చుక్క…”

“ఆ మాట నేనే పుట్టించానయ్యా! ఊరంతా నమ్మారు. మీరూ నమ్మితే ఆవిడ పొట్ట కొట్టినట్టే.” బాబాయి తువ్వాలు విప్పి పటం బోర్లా పెట్టాడు. వెనక అట్టకున్న మేకులు గుమాస్తా కత్తితో ఒక్కొక్కటే పీకాడు. కాగితం బయటికి తీశాడు. వెలుతురు తగిలినంత మేర పచ్చ వెలిసిపోయి ఉంది. కానీ అడుగున, చెక్క అంచు కింద దాగిన వేలెడు మేర, సంతకం తోకా తేదీ నిన్న రాసినట్టు మెరుస్తున్నాయి. ముప్పయ్యో తారీకు. పాతాయన చివరి రోజు.

“కొత్తాయన ఒకటో తారీకున కదా వచ్చాడు? ఇది ముందు రోజుది. రాత పాతాయనది. మీకు ఆయన రాత తెలుసు. రండి ఇలా, కిటికీ దగ్గరికి.”

“నాకు తేడా తెలీదు బాబాయ్.”

“తెలుస్తుంది. గీత వెంట చూడకండి. కలం ఆగిన చోట చూడండి. సిరా అక్కడ చిక్కబడుతుంది. పద్నాలుగు చిక్కబడితే అంచు నీలంగా తేలుతుంది. పదిహేను చిక్కబడితే పసుపు తేలుతుంది. తల కాస్త వంచండి. తొందరపడకండి.”

గుమాస్తా పట్టీలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, తల ఇటు వంచి, అటు వంచి, చాలాసేపు చూశాడు. తలుపు బయట ఎవరో మెట్ల మీద దగ్గుతూ ఎక్కుతున్నారు.

“పసుపు,” అన్నాడు నెమ్మదిగా. తర్వాత ఆవిరక్క సర్టిఫికెట్టు తీసి దాని మీదికి వంగాడు. “ఇదీ పసుపే. బాబాయ్! ఇన్నేళ్ళూ మీరు ఊరికే నంబర్లు చెబుతున్నారేమో అనుకున్నాను.”

“ఒక్కోసారి ఊరికే చెప్పాను కూడా,” అన్నాడు బాబాయి. అది నిజమో గొప్పో గుమాస్తాకు తేలలేదు.

వాఙ్మూలం రాయాల్సి వచ్చింది. జాడీ మూతలు తారుమారు చేసినవాడను నేనే, తెలిసీ చెప్పనివాడను నేనే అని గుమాస్తా చెబుతుంటే బాబాయి రాశాడు. కింద సంతకం పెట్టబోతూ జేబులోంచి అలవాటుగా తన కలం తీశాడు. గుమాస్తా మొహమాటంగా నవ్వి బల్ల మీది నీలం కలం ముందుకు జరిపాడు. “పచ్చతో ఇన్‌స్పెక్టర్లే పెట్టాలి బాబాయ్.”

ముప్పై నాలుగేళ్ళలో ఆ ఆఫీసుకు ఆయన పెట్టిన మొదటి సంతకం అది. నీలం. పటంలోని కాగితం కూడా ఆ ఫైలులోనే ఉండిపోయింది. ఆధారం కదా, వెనక్కి ఇవ్వరు. ఖాళీ పటం తువ్వాలులో చుట్టుకుని దిగాడు. బరువేమీ తగ్గినట్టు అనిపించలేదు.

సోమవారం సాయంత్రం ఆవిరక్క వచ్చింది. చేతిలో సర్టిఫికెట్టు, మొహంలో నాలుగు రోజుల నిద్రలేమి.

“సంతకం అసలైనదేనని రాసిచ్చారు,” అంది. “దండం పెడతాననుకున్నావా?”

“వద్దమ్మా.”

“పెట్టను. తిడదామని వచ్చాను. నీ మొహం చూస్తే తిట్టడానికీ ఓపిక లేకపోయింది.” కొట్టంతా కలయజూసి, మూలకు ఆనించిన ఖాళీ పటాన్ని తీసుకుంది. సర్టిఫికెట్టు దాని మీద పెట్టి చూసుకుంది. సరిపోయింది. “ఇది నేను తీసుకుపోతున్నాను. జరిమానా. బాయిలరు పక్కన తగిలిస్తాను. కాదంటావా?”

“అంచు కిందికి కాస్త దాగేట్టు బిగించు. వెలుతురు తగలని చోట రంగు ఉంటుంది.”

“రంగు సంగతి నాకు చెప్పకు బాబాయ్,” అంది ఆవిరక్క. వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. “మోకాళ్ళకు వేడి తగలాలంటే మా దగ్గరికి రా. ఆవిరికి కొదవలేదు.”

మర్నాడు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అడుగున ఇరవై రెండో పచ్చలో సంతకం. రెండే వాక్యాలు. సిరా సరఫరాదారు ఇకపై చీటీలను మూతల మీద కాక జాడీల మీదనే అంటించవలెను. సిరా రంగును బట్టి సంతకము నిర్ధారించు పద్ధతి నేటి నుండి రద్దు చేయడమైనది.

బాబాయి రెండుసార్లు చదివాడు. ఇక ఆ మెట్లు ఎక్కమని ఎవరూ పిలవరు. మోకాళ్ళకు మంచిదే. పుస్తకం తెరిచి పట్టీలన్నీ ఒకసారి చూశాడు. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా తేడాలేవీ కళ్ళకు ఆనలేదు. అన్నీ ఒకే పచ్చలా కనబడ్డాయి. అలసట వల్లేనని తనకు తనే చెప్పుకుని, మూసి అటక మీద పెట్టాడు.

పెళ్ళాం జిగురు గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది. మొదటి జాడీ మూత మీది చీటీ తడిపి, గోటితో ఊడదీసి, జాడీ బొడ్డు మీద అంటించారు. రెండోది అంటించారు. మూడోది అంటించబోతుంటే బాబాయి ఆగమన్నాడు. మూత తీసి, పుల్ల ముంచి, కాగితం మీద ఒక చుక్క వేశాడు. అది తడిగా, నల్లగా కూర్చుంది. పచ్చ బయటపడే దాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

“మూడే,” అన్నాడు.

“ఇంకెన్ని?” అంది ఆవిడ.

“పంతొమ్మిది.”

ఆవిడ నిట్టూర్చి నాలుగో జాడీ ముందుకు లాగింది.